చంద్రవంక తీరాన చెన్నకేశవుడు: మాచర్ల క్షేత్ర చరిత్ర

భారతీయ సంప్రదాయంలో క్షేత్రమనే పదానికి అర్థవిస్తృతి మెండు. విత్తు నాటే భూమి క్షేత్రం. దైవం నెలకొన్న స్థలం క్షేత్రం. కురుపాండవులు తలపడిన రణభూమి కూడా క్షేత్రమే. ఇవి చాలక వేదాంతులు మానవదేహానికే క్షేత్రమని పేరు పెట్టి, దానిని ఎరిగిన చైతన్యాన్ని క్షేత్రజ్ఞుడని నిర్దేశించారు. ఈ అర్థాలన్నిటికీ మూలమైన భావం ఒక్కటే: ఏది చల్లితే అది మొలిచే చోటు క్షేత్రం. పల్నాటిసీమలో చంద్రవంక తీరాన ఉన్న మాచర్ల పట్టణం ఈ పదానికి గల సమస్తార్థాలకూ తగిన ఊరు. అది సేద్యభూమి, చెన్నకేశవుని నివాసం, ఒక దాయాది పోరులో సగభాగానికి రాజధాని. అక్కడ చల్లిన విత్తనాలు రెండు రకాలవి. వాటిలో ఏది మొలిచింది, ఏది ఇంకా మొలకెత్తవలసి ఉన్నదన్న విచారమే మాచర్ల చరిత్రలోని సారం.

శ్రీనాథ మహాకవి పేర ప్రచారంలో ఉన్న చాటువులలో పల్నాటిసీమను పరిహసించేవి కొన్ని ఉన్నాయి. కొండవీటి ఆస్థానంలో సన్నబియ్యపు అన్నానికి, సుగంధద్రవ్యాలకు అలవాటుపడిన కవికి ఈ సీమలో రాళ్ళు, తేళ్ళు, పాములు, జొన్నకూడు తప్ప మరేమీ కనిపించలేదట. ఇక్కడి దేవతలు సైతం ఆయన దృష్టికి అల్పులుగానే తోచారు. చిత్రమేమంటే, ఆ కవి పేరిటనే నిలిచిన పల్నాటి వీరచరిత్ర మాచర్ల చెన్నకేశవునికి అంకితమై ఉన్నది. పరిహాసానికి పాత్రమైన ఆ రాళ్ళు, ఆ చిన్న దేవతలే ఈ సీమ చరిత్రకు ఆధారాలయ్యాయి. కనుక మాచర్లను గూర్చిన విచారణ రాతితోనే ఆరంభం కావటం ఉచితం.

భూమి, జలం

కృష్ణానదికి దక్షిణాన, నల్లమల అడవులకు ఈశాన్యంగా పల్నాటిసీమ విస్తరించి ఉన్నది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని కడప శిలాద్రోణిలో ఒక ఉపభాగంగా పరిగణిస్తారు. యాభై కోట్ల సంవత్సరాలకు పూర్వమే సముద్రగర్భంలో పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపురాయి ఈ నేలకు పునాది. ఆ పొరలు పలకలుగా విడివడటం చేత ఆ రాయి ఇళ్ళకు నేలగానూ, గోడగానూ, కొన్నిచోట్ల కప్పుగానూ ఉపయోగపడుతున్నది. నాపరాయి అనే పేరుతో తెలుగునాట ఎన్నో ఇళ్ళలో పరచిన బండలలో మాచర్ల బండలకు ప్రత్యేకమైన పేరున్నది. సమీపంలోని పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు ప్రసిద్ధం. 1958లో మాచర్లలో కె.సి.పి. సంస్థ సిమెంటు కర్మాగారం నెలకొన్నది ఈ శిలాసంపద వల్లనే.

సీమ నామానికి సైతం పండితులు పలు వ్యుత్పత్తులు చెప్పారు. తెల్లని రాయి కారణంగా ఇది పాలనాడు అయినదని కొందరు, పల్లెలు అధికంగా ఉన్నందున పల్లెనాడు అయినదని కొందరు, పల్లవుల నాడు కనుక పల్నాడు అయినదని మరికొందరు భావించారు. ఈ సీమలోని మంచికల్లులో లభించిన ప్రాకృత శాసనం సింహవర్మ అనే పల్లవరాజును పేర్కొంటున్నది. పల్లవుల శాసనాలలో అత్యంత ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. కంచిలో మహాసామ్రాజ్యం నిర్మించటానికి ముందే ఆ వంశనామం ఈ రాతినేల మీద లిఖితమై ఉన్నదన్న విషయం మూడవ వ్యుత్పత్తికి బలం చేకూరుస్తున్నది.

రాయి సమృద్ధిగా ఉన్నచోట నీరు అపురూపం. మాచర్లను ఆనుకొని ప్రవహించే చంద్రవంక నల్లమల పరిసరాలలో పుట్టి, ఉత్తరదిశగా సాగి కృష్ణలో కలిసే ఉపనది. వర్షాకాలంలో వేగంగా పారి, గ్రీష్మంలో సన్నగిల్లే ఈ ఏటికి చంద్రరేఖ పేరు పెట్టిన పూర్వులు దాని వంపును మాత్రమే కాక, వృద్ధిక్షయాలను కూడా గమనించి ఉంటారు. పట్టణం దాటిన తరువాత నక్కలవాగు, తుమ్మలవాగులతో సంగమించి, సుమారు 70 అడుగుల ఎత్తునుంచి ఎత్తిపోతల జలపాతంగా దూకుతుంది. జలపాతం చెంత దత్తాత్రేయస్వామి ఆలయం ఉన్నది. అక్కడినుండి కొద్ది దూరంలోనే చంద్రవంక కృష్ణలో లీనమవుతుంది.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్ట మాచర్లకు అత్యంత సమీపంలో ఉన్నది. రాతికట్టుతో నిర్మించిన ఆనకట్టలలో ప్రపంచంలోనే ఇది అగ్రగణ్యం. 1967లో కాలువలకు నీరు విడుదలైన తరువాత పల్నాటి పల్లపుభూములలో వరి, మిరప, ప్రత్తి విస్తరించాయి. జొన్నకూటి సీమ వరి అన్నపు సీమగా మారింది. అయినప్పటికీ కాలువమట్టానికి ఎగువన ఉన్న మెట్టభూములకు ఆ జలం అందలేదు. వెల్దుర్తి, దుర్గి ప్రాంతాల రైతు నేటికీ ఆకాశాన్ని నమ్ముకొనే ఉన్నాడు. మహాజలాశయం పక్కనే ఉండి దప్పిక తీరని నేల ఇది. వేసవిలో రాష్ట్రమంతటా అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటైన రెంటచింతల మాచర్లకు పొరుగునే ఉన్నది.

పట్టణం, ప్రజ

మాచర్లకు పూర్వనామం మహాదేవిచర్ల అని స్థానిక సంప్రదాయం చెబుతున్నది. చెరువుతో కూడిన గ్రామానికి తెలుగునాట చర్ల అనే పదం అనేక ఊరిపేర్లలో కనిపిస్తుంది. ఆ మాటలోనే, రాతినేల మీద నీటిని నిలిపిన మానవప్రయత్నం నిక్షిప్తమై ఉన్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం మాచర్ల పురపాలక పట్టణ జనసంఖ్య 57,290. నగరాల పరిమాణంతో పోలిస్తే ఇది చిన్న సంఖ్యే. కాని నల్లమల అంచున ఉన్న పల్లెలకు, సుగాలీ తండాలకు, చెంచుగూడేలకు సంత, ఆసుపత్రి, విద్యాలయం, రైలు అన్నీ ఇక్కడనే. గుంటూరునుండి నడికుడి మీదుగా వచ్చే రైలుమార్గానికి మాచర్ల అంత్యస్థానం. మీటరు గేజిగా మొదలైన ఆ మార్గం తరువాత బ్రాడ్ గేజి అయినది. నాగార్జునకొండ తవ్వకాలు చూడగోరిన పండితులు ఒకప్పుడు ఈ స్టేషనులోనే దిగి, అక్కడినుండి అడవిదారి పట్టేవారు.

పాలనావిభాగాలలో పల్నాడు చాలాకాలం గుంటూరు జిల్లాలో ఒక తాలూకా. గురజాల దానికి ముఖ్యస్థానం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినది. 2011 లెక్కలను అనుసరించి ఈ జిల్లా జనసంఖ్య సుమారు 20 లక్షలు. అమరావతి అమరేశ్వరుడు, కోటప్పకొండ త్రికోటేశ్వరుడు, చేజెర్ల కపోతేశ్వరుడు ఈ జిల్లా పరిధిలోని వారే. చేజెర్ల ఆలయం గజపృష్ఠాకృతిలో నిర్మితమైన ప్రాచీన కట్టడం. శరణుజొచ్చిన కపోతాన్ని కాపాడటానికి స్వశరీరాన్ని కోసి ఇచ్చిన శిబిచక్రవర్తి గాథ దానికి స్థలపురాణం. కపోతం కోసం రాజు తనువు నిచ్చిన కథనూ, కోడిపందెం కోసం రాజ్యాలు నశించిన కథనూ ఒకే సీమ ప్రజలు స్మరిస్తూ వచ్చారు.

విజయపురి: తొలి స్మృతిశిలలు

మాచర్ల చరిత్రను చెన్నకేశవునితో ఆరంభిస్తే సగమే చెప్పినట్లు. అంతకు దాదాపు వేయి సంవత్సరాల పూర్వం, క్రీస్తు శకం మూడవ శతాబ్దిలో, సమీపంలోని కృష్ణా లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లినది. వంశకర్త వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు, మహాసేనుని భక్తుడు. ఆయన వంశపు స్త్రీలు బౌద్ధసంఘానికి మహాచైత్యాలను, విహారాలను సమర్పించారు. ఒకే రాజగృహంలో యజ్ఞకుండం, స్తూపం రెండూ ఆదరణ పొందాయి. అష్టభుజస్వామి ఆలయానికి సంబంధించిన శాసనం క్రీస్తు శకం 278 నాటిది. దక్షిణాపథంలో విష్ణ్వాలయానికి ఇంత ప్రాచీనమైన శిలాసాక్ష్యం అరుదు. కార్తికేయుని ఆలయాలు, శివాలయాలు, హారీతి ఆలయం ఆ లోయలోనే వెలుగు చూశాయి.

అయితే మాచర్ల కథకు విజయపురిలో ముఖ్యమైన ఆధారం ఆలయాలు కావు, ఛాయాస్తంభాలు. మరణించినవారి స్మృతికై నిలిపిన శిలాస్తంభాలివి. చాంతమూల మహారాజుకు ఆయన బంధుజనం నిలిపిన స్తంభం వీటిలో సుప్రసిద్ధం. అంతకంటె గమనింపదగినది, ఆ గౌరవం రాజులకు మాత్రమే పరిమితం కాకపోవటం. సేనానులకు, భటులకు, శిల్పకారులకు కూడా ఛాయాస్తంభాలు ఉన్నాయి. చనిపోయినవాని రూపాన్ని రాతిలో నిలిపి, ఆ రాతికి నమస్కరించే ఆచారం ఈ నేలకు పదిహేడు శతాబ్దాల నాటినుండి పరిచితం.

1926లో ఈ శిథిలాలు బాహ్యప్రపంచానికి తెలియవచ్చాయి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఇక్కడ తవ్వకాలు సాగించారు. రెండవ విడత తవ్వకాలు కాలంతో పోటీగా సాగాయి. జలాశయం నిండితే లోయ మునిగిపోవటం నిశ్చయం. ముఖ్యమైన కట్టడాలను విడదీసి, కొండ శిఖరంమీదను, అనుపులోను తిరిగి నిర్మించారు. మిగిలిన నగరం నీటి అడుగున ఉన్నది. పల్నాటి పొలాలకు నీరిచ్చిన జలాశయమే పల్నాటి ప్రాచీన రాజధానిని తన గర్భంలో దాచుకొన్నది.

హైహయులు, చెన్నకేశవుడు

పన్నెండవ శతాబ్దిలో పల్నాడు హైహయవంశీయుల అధీనంలో ఉన్నది. కార్తవీర్యార్జునుని వంశమని చెప్పుకొన్న ఈ రాజులలో అనుగురాజు ఉత్తరదేశంనుండి వచ్చి, వెలనాటి గొంకరాజు కుమార్తె మైలమదేవిని వివాహమాడి, అరణంగా పల్నాటిని పొందినట్లు వీరగాథ చెబుతున్నది. ఆయనకు దొడ్డనాయుడు మంత్రి. దొడ్డనాయుని కుమారుడు బ్రహ్మనాయుడు.

అనుగురాజు అనంతరం జ్యేష్ఠుడు నలగామరాజు గురజాలలో పాలించాడు. సవతి తమ్ముడైన మలిదేవుడు రాజ్యభాగం పొంది మాచర్లలో నిలిచాడు. నలగామునికి నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. గురజాల మొగ్గు శివునివైపు, మాచర్ల మొగ్గు కేశవునివైపు. బ్రహ్మనాయుడు వీరవైష్ణవాన్ని అవలంబించి, చెన్నకేశవుని మాచర్లకు ఇలవేల్పుగా నిలిపాడని జనశ్రుతి.

చంద్రవంక ఒడ్డున నేటికీ పూజలందుకొంటున్న లక్ష్మీచెన్నకేశవాలయం ఆ కాలపు స్మృతిని మోస్తున్నది. మండపస్తంభాలమీద ఇతిహాస పురాణ ఘట్టాలు శిల్పాలై ఉన్నాయి. ఆ సమీపానే వీరభద్రుని ఆలయం ఉన్నది. వైష్ణవపక్షానికి రాజధాని అయిన ఊరిలో వీరభద్రుడు కూడా కొలువై ఉండటం ఆలోచింపజేసే అంశం. చరిత్రలో తలపడినవారు మానవులే. వారు పోయిన తరువాత కేశవుడు, వీరభద్రుడు ఒకే ఏటి గాలి పీలుస్తూ ఇరుగుపొరుగువారై శతాబ్దాలు గడిపారు. ప్రతి వసంతంలో చైత్రపూర్ణిమకు జరిగే చెన్నకేశవుని తిరునాళ్ళకు చుట్టుపట్ల పల్లెల జనం కులమత విచక్షణ లేకుండా వస్తారు.

చెన్న అనగా సుందరమని అర్థం. హొయసల విష్ణువర్ధనుడు 1117లో బేలూరులో ప్రతిష్ఠించిన మూర్తికీ ఇదే నామం. రామానుజాచార్యుల ప్రభావంతో విష్ణుభక్తి దక్షిణదేశమంతటా నూతనోత్సాహం పొందిన శతాబ్దమది. అదే శతాబ్దిలో కల్యాణనగరంలో బసవేశ్వరుడు శివభక్తులందరూ సమానులని చాటాడు. అక్కడి రాజు బిజ్జలుడు కలచురివంశీయుడు. కలచురులు కూడా తమ మూలాన్ని హైహయులతో ముడిపెట్టుకొన్నవారే. భిన్నకులాల శరణుల మధ్య జరిగిన వివాహం కారణంగా కల్యాణంలో 1167 ప్రాంతంలో రక్తపాతం సంభవించినదని శరణసంప్రదాయం చెబుతున్నది. ఆ తరువాత పది సంవత్సరాలైనా గడవకముందే పల్నాటిలో యుద్ధం మొదలైనది. ఒకచోట శివుని పేర, మరొకచోట కేశవుని పేర, ఒకే ప్రశ్న ఉదయించినది: ఈశ్వరుని ఎదుట సమానులైనవారు పంక్తిలో అసమానులు ఎట్లా అవుతారు?

చాపకూడు

ఆ ప్రశ్నకు మాచర్ల ఇచ్చిన సమాధానానికి చాపకూడు అని పేరు. కులభేదం పాటించక అందరూ ఒకే చాపమీద కూర్చుండి భుజించటం దీని స్వరూపం. వేదాంతంలో ఆత్మైక్యాన్ని గురించి విస్తారమైన చర్చ ఉన్నది. సర్వభూతాలలో ఒకే అంతర్యామి ఉన్నాడని అంగీకరించనివారు పండితులలో అరుదు. కాని ఆ అంగీకారం భోజనశాల గడప దాటి లోపలికి రావటం మరింత అరుదు. బ్రహ్మనాయుడు సిద్ధాంతగ్రంథం రచించినట్లు ఎవరూ చెప్పలేదు. ఆయన చాప పరిచాడు. సమత్వాన్ని వాదంగా కాక ఆచరణగా నిలిపాడు.

గాథలో బ్రహ్మనాయుడు పుత్రసమానంగా ఆదరించిన కన్నమదాసు నాటి సమాజం అంటరానిదన్న కులంలో పుట్టినవాడు. మాచర్ల సైన్యంలో ఆయన అగ్రగణ్యుడైన వీరుడు. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రునికి తోడైన సోదరులు వేర్వేరు కులాలవారు. వారిలో అనపోతరాజు బ్రాహ్మణుడు. ఒక తల్లికడుపున పుట్టకున్నా సోదరులమన్న మాట వారికి అలంకారం కాదు. వారు ఒకే పంక్తిలో తిన్నారు, ఒకే రణరంగంలో పడ్డారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ గాథ మనకు అందినది చెన్నకేశవుని భక్తుల దృష్టినుండి. కావ్యం అంకితమైనది ఆయనకే. కనుక నాగమ్మ అందులో కుటిలనీతికి ప్రతిరూపంగా చిత్రితమైనది. కాని రాజవంశంలో పుట్టకుండా, స్వబుద్ధిచేత మంత్రిపదవి పొంది, రాజ్యాన్ని నడిపించి, రణరంగంలో నిలిచిన స్త్రీ మధ్యయుగపు భారతంలో ఎందరున్నారు? జన్మ కంటె యోగ్యత ముఖ్యమన్న సూత్రానికి మాచర్లలో కన్నమదాసు నిదర్శనమైతే, గురజాలలో నాగమ్మ నిదర్శనం. ఒకే సూత్రానికి ఫలమైన ఇద్దరు ఎదురెదురు పక్షాలలో నిలవటం ఈ గాథలోని విషాదం.

పోరు

యుద్ధకారణాలు సుపరిచితాలే. దాయాదుల మధ్య పెరిగిన మాత్సర్యం కోడిపందెంగా పరిణమించినది. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడవాలన్నది పణం. మలిదేవుని పక్షం ఓడి అడవుల పాలైనది. గడువు తీరిన పిమ్మట రాజ్యభాగం అడగటానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి గురై మరణించాడు. అతడు నలగామునికి స్వయంగా అల్లుడు. అటుపైన సంధికి మార్గం మూసుకొన్నది. భారతకథలోని ద్యూతం, వనవాసం, రాయబారం, సంగ్రామం నాలుగూ ఇక్కడ మళ్ళీ జరిగినట్లు కనిపించటం చేతనే దీనిని ఆంధ్రుల భారతమని ప్రజలు పిలుచుకొన్నారు.

చరిత్రకారులు ఈ యుద్ధకాలాన్ని 1176 నుండి 1182 వరకు నిర్ణయించారు. నాగులేటి తీరాన కార్యమపూడి, అంటే నేటి కారంపూడి, రణభూమి అయినది. బాలచంద్రుడు, కన్నమదాసు, ఇతర వీరులు అక్కడ నేలకొరిగారు. చివరకు బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలంలో ప్రవేశించాడని గాథ ముగుస్తుంది. గెలుపు ఓటమి అనే మాటలకు అక్కడ అర్థం మిగలలేదు. ఈ పోరులో పాల్గొన్న తీరరాజ్యాల బలం క్షీణించినది. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతీయ గణపతిదేవుడు వెలనాటిని లోబరచుకొన్నప్పుడు గట్టిగా ఎదిరించగల శక్తి తీరదేశంలో లేకపోయినది.

కారంపూడి: రాళ్ళైన వీరులు

విజయపురి ఛాయాస్తంభాల సంప్రదాయం ఇక్కడ మరొక రూపం దాల్చినది. కారంపూడిలోని వీరుల గుడిలో పల్నాటి వీరులు శిలారూపంలో పూజలందుకొంటున్నారు. వీరులు 66 మంది అని సంప్రదాయ గణన. ఆ చెంతనే అంకాలమ్మ, చెన్నకేశవుడు ఉన్నారు. చిన్న రాళ్ళు, చిన్న దేవతలు అని చాటుకవి నవ్వినవి బహుశః ఇవే. కాని ఆ ప్రతి రాతి వెనుక ఒక తల్లి, ఒక ఇల్లు, ఒక కులం, ఒక ఊరు ఉన్నాయి. మహాదేవతలకు పురాణాలు ఉన్నట్లే ఈ రాళ్ళకు గాథలు ఉన్నాయి.

ప్రతి సంవత్సరం కార్తిక అమావాస్యనాడు ఆరంభమై అయిదు దినాలపాటు ఇక్కడ వీరారాధనోత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అనేవి ఆ దినాల పేర్లు. వీరుల వంశీయులమని భావించే కుటుంబాలవారు దూరప్రాంతాలనుండి తమ ఆయుధాలతో వచ్చి, వాటిని నాగులేటిలో కడిగి పూజిస్తారు. వీరవిద్యావంతులు గాథను గానం చేస్తారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. ఎనిమిది శతాబ్దాల కిందటి పోరుకు కారణాలను, దాని పరిణామాలను జనం అయిదు దినాలలో మళ్ళీ అనుభవించి, మధ్యలో ఒకే పంక్తిన భుజిస్తారు.

ఈ క్రమంలో ఒక సూక్ష్మం ఉన్నది. ఆ ఉత్సవంలో ఆయుధమూ ఉన్నది, అన్నమూ ఉన్నది. ఆయుధాన్ని కడిగి పూజించి తిరిగి ఇంటికి తీసుకొనిపోతారు. అన్నాన్ని పంచుకొని అక్కడికక్కడే తింటారు. స్మృతి అనేది రెండు విధాలు: దాచిపెట్టుకొనేది ఒకటి, పంచుకొనేది మరొకటి.

గానం, కావ్యం

ఈ చరిత్ర రాతిలోనే కాదు, కంఠంలోనూ జీవించినది. తంబుర, కత్తి ధరించి గానం చేసే వీరవిద్యావంతులు తరతరాలుగా దీనిని మోశారు. పద్యకావ్యరూపంలో మంజరీద్విపదలో లభించే బాలచంద్రయుద్ధభాగం శ్రీనాథుని పేర ప్రసిద్ధం. కర్తృత్వం విషయంలో పండితులకు అభిప్రాయభేదాలు ఉన్నప్పటికీ, తెలుగు వీరకావ్యాలలో దాని స్థానం నిర్వివాదం. అక్కిరాజు ఉమాకాన్తమ్ దానిని పరిష్కరించి ప్రకటించటంతో అది ఆధునిక పాఠకలోకానికి అందినది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటిలో నివసించి, ఆలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుని గానాన్ని నమోదు చేసి, 1982లో ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. ఆ గాయకుని కులం గౌరవపదవులు అనుభవించినది కాదు. అయినను ఒక సీమ ఇతిహాసం సంపూర్ణంగా భద్రమై ఉన్నది అటువంటివారి కంఠంలోనే.

ఏది వారసత్వం

దేవాలయ వారసత్వం అన్నప్పుడు సాధారణంగా శిల్పం, శాసనం, శిఖరం స్మరణకు వస్తాయి. వాటిని కాపాడుకోవలసిందే. ఒక మహానగరం సాగరజలంలో మునిగినప్పుడు తీసిన రాళ్ళు మాత్రమే మిగిలాయన్న అనుభవం ఈ సీమకు ఉన్నది. మాచర్ల ఆలయస్తంభాలు, కారంపూడి వీరశిలలు, పొలాల గట్లమీద ఒరిగిన పేరులేని విగ్రహాలు అన్నీ రక్షణీయాలే.

కాని మాచర్ల చెన్నకేశవుని వారసత్వం స్తంభాలతో ముగియదు. పల్నాటి పౌరుషం అన్న నానుడి తెలుగువారందరికీ తెలుసు. వర్గవైరాలు రేగిన ప్రతిసారి, ఊరు రెండుగా చీలిన ప్రతిసారి ఆ నానుడిని గర్వంగా తలచేవారు ఉంటారు. బాలచంద్రుని సాహసం నాటకాలలో, చలనచిత్రాలలో వర్ణితమైనది. ఆ సాహసం దేనికోసం వ్యయమైనదో అంతగా స్మరణకు రాదు. గాథ నిజానికి పౌరుషాన్ని స్తుతించి ఊరుకోలేదు. దాని ఫలం ఎట్లుంటుందో కారంపూడి రాళ్ళను చూపి చెప్పినది. గురజాల గెలవలేదు, మాచర్ల గెలవలేదు. మిగిలినవి 66 రాళ్ళు, ఒక చాప.

బ్రహ్మనాయుడు ఈ క్షేత్రంలో చాప పరిచాడు. దాయాదులు ఇదే క్షేత్రంలో పగ చల్లారు. పగ ఏడేళ్ళలోనే మొలిచి పండి కోతకు వచ్చినది. చాప మాత్రం ఏటా ఒక దినం విప్పి, మళ్ళీ చుట్టిపెట్టే వస్తువుగా మిగిలినది. ఏది సులభంగా మొలుస్తుందో అది శ్రేష్ఠమైన విత్తనం కానక్కరలేదని రాతినేలలో సేద్యం చేసేవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

చైత్రపూర్ణిమ రాత్రి చంద్రవంక ఒడ్డున, తిరునాళ్ళ సందడి సద్దుమణిగిన తరువాత, దూరపు పల్లెల జనం ఆలయ పరిసరాలలో విశ్రమించే వేళ, ఎవరి పక్కన ఎవరు పడుకొన్నారో అడిగేవారు ఉండరు. నేలమీద పరచినది పల్నాటి నాపరాయి. గర్భాలయంలో ఉన్నదీ రాయే. చెన్నకేశవుని ఎదుట ఆ ఒక్క రాత్రి అందరికీ పరుపు ఒకటే. ఆ రాత్రిని మరునాటి ఉదయానికి, మరునాటి పంక్తికి కొనసాగించటమే మాచర్లకు ఆయన అప్పగించిన శేషకార్యం.